పొట్టిమెట్టు వాళ్ళ కోడలు

పోయినవారం కథలో మీరు నన్ను వీధి గుమ్మంలో వదిలేసి వెళ్ళారు. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది బల్ల కింద వెతుక్కుంటున్నాను. ఈలోగా మా మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొలత టేపు జేబులో వేసుకుని, సందు చివరిదాకా వెళ్ళిపోయారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఏ ఇల్లు కంటపడుతుందోనని ఇన్నేళ్ళూ రెండు వీధులు చుట్టి తిరిగారో, ఆ ఇంటికే బయల్దేరారు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం సంగతంతా నాలుగు మాటల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు ఓపిక పట్టండి. మాది వడ్రంగుల ఇల్లు. మామయ్య వాళ్ళ నాన్నని మేమందరం మెట్ల తాత అంటాం. తొంభై ఏళ్ళ కిందట ఊళ్ళో పెద్ద డాక్టరుగారి మేడకి చెక్కమెట్లు చేసింది ఆయనే. ఇరవై రెండు మెట్లు. అన్నింట్లోకీ అడుగున ఉన్న మొదటి మెట్టు ఒక్కటే అంగుళం పావు పొట్టి. తెలియనివాళ్ళ కాలు అక్కడ తడబడుతుంది. అంతే, మావాళ్ళకి "పొట్టిమెట్టు వాళ్ళు" అని పేరు పడిపోయింది. మెట్ల తాతని మళ్ళీ ఏ మేడవాళ్ళూ పనికి పిలవలేదు. తలుపులూ బల్లలూ చేసుకుంటూ బతికి, ఆ మెట్టు గురించి ఒక్క మాటైనా మాట్లాడకుండా పోయాడు.

ఇప్పుడా మేడ ఊరి చరిత్ర మ్యూజియం. పోయిన నెల ఎవరో చూడ్డానికొచ్చి, ఆ మెట్టు దగ్గర పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మెట్లు మొత్తం పీకేసి ఆ చోట లిఫ్టు పెడదామని కమిటీవాళ్ళు అనుకుంటున్నారు. ఇవాళ పదకొండున్నరకి మీటింగు. ఆ మెట్లు నమ్మదగ్గవి కావని రిపోర్టు రాసిచ్చింది లిఫ్టు కంపెనీ సూపర్‌వైజరు. ఆ సూపర్‌వైజరు మా ఆయన. మెట్లు చేసేవాళ్ళ ఇంట్లో పుట్టి లిఫ్టులు బిగించే పనిలో చేరాడని అప్పట్లో మామయ్య ఆరు నెలలు మాట్లాడలేదు. ఈ రిపోర్టు సంగతి తెలిస్తే ఇంకెన్నాళ్ళు మాట్లాడరో. మెట్లు పీకేస్తున్నారని ఆయనకి తెలుసు, రిపోర్టు ఎవరు రాశారో తెలీదు. నాకు తెలుసు, నోరు మూసుకుని ఉన్నాను.

ఎలాగైతేనేం, రెండో చెప్పు దొరికింది. పరిగెత్తి సందు మలుపులో ఆయన్ని పట్టుకున్నాను.

"మామయ్యా, ఏదైనా కాస్త తినేసి వెళ్దాం."

"తింటే కోపం తగ్గుతుంది. ఇవాళ తగ్గకూడదు. నీ టేపు తెచ్చావా?"

నేను దర్జీని. మెడలో టేపు లేకుండా నన్ను చూసినవాళ్ళు తక్కువ. బట్ట టేపంటే మామయ్యకి లోకువ, అది సాగుతుందంటారు. అలాంటిది ఇవాళ అడిగి మరీ తెమ్మన్నారు, కొలతకి రెండో సాక్ష్యం ఉండాలట.

"అసలు అక్కడికెళ్ళి ఏం చేస్తారు?" అన్నాను.

"పీకేసేలోపు ఒక్కసారి కళ్ళారా చూడాలి. తప్పు తప్పే, కాదనను. కానీ మా నాన్న చేతిపని ఈ ఊళ్ళో నిలబడి ఉన్నది అదొక్కటే కదమ్మాయ్. అది కూడా పోతే ఆయన ఉన్నాడనడానికి ఏం మిగులుతుంది?"

ఆ మాట విన్నాక ఇంకేం అడుగుతాను. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.

మ్యూజియం అంటే ఏదో అనుకున్నాను గానీ, లోపల అడుగుపెడితే ఇల్లే. హాల్లో ఒక మూల ఊరి మొదటి వీధిదీపం నిలబెట్టారు. నిప్పు ఆర్పేవాళ్ళ ఇత్తడి టోపీలూ, పాత బడిగంటా, డాక్టరుగారి కత్తెరలూ పటకార్లూ అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ఒక బీరువాలో వడ్రంగి పనిముట్లున్నాయి. మామయ్య అక్కడ ఆగి మొహం చిట్లించారు. చెక్క నునుపు చేసే చిత్రికని బ్లేడు కిందికి ఆనేలా కూర్చోబెట్టారట.

"పనివాడెవడూ ఇలా పెట్టడు. పక్కకి పడుకోబెడతాడు. అంచు పోదూ?" అని అద్దం మీద వేలితో టకటకా కొట్టారు. కాపలావాడు మాకేసి చూశాడు. నేను ఒక నవ్వు నవ్వి సర్దేశాను.

తర్వాత ఆయన కళ్ళు నేల మీద పడ్డాయి. మనిషే మారిపోయారు. నడుం పట్టుకుని వంగి, బండల మీద అరచెయ్యి పెట్టి నిమిరారు.

"చూడు, సందులో గోరు దూరదు. మా తాత పరిచాడు."

ఇది వేరే తాత. మామయ్య వాళ్ళ అమ్మకి తండ్రి, అంటే మెట్ల తాతకి పిల్లనిచ్చిన మామగారు. రాతిపనిలో ఆయన పేరు చెబితే ఈ చుట్టుపక్కల తల వంచనివాళ్ళు లేరు. ఆయన్ని మేం బండల తాత అంటాం. మామయ్య చిన్నతనమంతా ఆయన ఇంట్లోనే గడిచింది. పళ్ళెంలో నీళ్ళు పోసి మట్టం చూడ్డం నేర్పింది ఆయనే. మా ఇంట్లో ముందుగది గోడ మీద ఆయన ఫోటో ఉంటుంది. సొంత నాన్న ఫోటో మాత్రం పెట్టె అడుగున, బట్టల కింద ఉంటుంది. ఈ మేడలోనూ అదే తేడా. గుమ్మం పక్కన ఒక ఇత్తడి పలక మీద, హాలుకి బండలు పరిచిన పనివాడంటూ బండల తాత పేరు చెక్కించి పెట్టారు. మెట్ల దగ్గర ఏ పలకా లేదు.

మామయ్య ఆ పేరు రెండుసార్లు చదువుకున్నారు. మూడోసారి నాచేత చదివించారు. అప్పుడు మెల్లగా మెట్లవైపు తిరిగారు.

నాకు చెక్క గురించి తెలీదు, కుట్టు గురించి తెలుసు. మంచి కుట్టు కనపడదు. ఆ మెట్లలో ఏ ముక్క ఏ ముక్కతో కలిసిందో ఎంత వెతికినా నాకు కనపడలేదు. సగందాకా నిటారుగా పోయి, పైన ఎడమకి తిరుగుతాయి. పట్టుకునే కమ్మీ మీద చెయ్యి పెడితే పైదాకా ఎక్కడా గుచ్చుకోదు, ఎక్కడా ఆగదు. ఇంత పని చేసిన మనిషి పేరు చెప్పుకోవడానికి మేం సిగ్గుపడుతూ వచ్చామా అనిపించింది. మా ఆయన మీద, మామయ్య మీద, నా మీద కూడా కోపం వచ్చింది.

అంతలో ఒక పదిమందిని వెంటేసుకుని గైడు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం హాలంతా మోగుతుంది.

"ఇప్పుడు ఈ మొదటి మెట్టు చూడండి! కావాలనే పొట్టిగా చేశారు. దొంగ చీకట్లో ఎక్కబోతే కాలు తడబడి దబ్బుమని పడాలి, ఇంట్లోవాళ్ళు లేవాలి. ఆ రోజుల్లో పనివాళ్ళ బుర్రలు అలా పనిచేసేవి!"

జనం నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. నా ప్రాణం లేచొచ్చింది. పొట్టిమెట్టు వాళ్ళం కాస్తా దొంగల్ని పట్టించినవాళ్ళం అయిపోయాం, ఇంకేం కావాలి?

"బాగానే ఉంది కదా మామయ్యా. ఊరుకోండి" అని గొణిగాను.

ఊరుకుంటే ఆయన మా మామయ్య ఎందుకవుతారు!

"అది అబద్ధమండీ" అన్నారు గట్టిగా. "ఈ మెట్లు చేసింది మా నాన్న. మొదటి మెట్టు దొంగల కోసం చేసింది కాదు. తప్పు జరిగింది, అంతే. మెచ్చుకుంటే మిగతా ఇరవై ఒకటి చూసి మెచ్చుకోండి. లేని తెలివి మాకు అంటగట్టకండి."

ఆ తప్పు గురించి ఆయన ఇంటి గడప దాటి మాట్లాడటం అదే మొదలు. అదీ పదిమంది ముందు, తల దించకుండా. నాకు ఏడుపొచ్చింది, గర్వం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలీక టేపు సర్దుకున్నాను.

ఆయన అక్కడితో ఆగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కొలవడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకి ఆఫీసు గదిలోంచి మ్యూజియం మేడం వచ్చింది. నలభై లోపు మనిషి, చేతిలో తాళాల గుత్తి.

"పెద్దాయనా, ముట్టుకోకూడదండీ."

"ముట్టుకోవడం లేదమ్మా, కొలుస్తున్నాను. అరగంటలో పీకేద్దామని తీర్మానం చేసేవాటిని కొలిస్తే అరిగిపోతాయా?"

ఆవిడ కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. తెచ్చుకోలేదు, పక్కన మెట్టు మీద కూర్చుంది. "నాకూ ఇవి తీసెయ్యడం ఇష్టం లేదండీ. కానీ చేసిన మనిషెవరో కాగితం లేదు. లోపం ఉందని మాత్రం కాగితం ఉంది. నేనేం చెయ్యను?" అంది.

మామయ్య కొలుస్తున్నారు, నేను నా టేపుతో మళ్ళీ కొలుస్తున్నాను. మొదటి మెట్టు అయిదున్నర అంగుళాలు. రెండోది ఆరుముప్పావు. మూడోది ఆరుముప్పావు. అలా పైదాకా పోయాం. జనం కూడా మాతోపాటు ఎక్కుతూ లెక్కపెడుతున్నారు. ఇరవై రెండోది ఆరుముప్పావు. నా సాగే టేపుకి కూడా ఎక్కడా వెంట్రుకవాసి తేడా దొరకలేదు.

మామయ్య పైమెట్టు మీద కూర్చుండిపోయారు.

"ఇదేంటమ్మాయ్? మెట్లు చేసేవాడు ముందు మొత్తం ఎత్తు కొలుస్తాడు. దాన్ని మెట్ల లెక్కతో భాగిస్తాడు. లెక్క తప్పితే అన్ని మెట్లూ తప్పాలి. ఒక్కటే ఎలా తప్పుతుంది?"

"ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరూ అనుకోలేదా?"

"కొలిచిందెవరు? సిగ్గుతో ఈ గడప తొక్కితేగా!"

సరిగ్గా అప్పుడే కింద గుమ్మంలోంచి మా ఆయన వచ్చాడు. కంపెనీ చొక్కా, చంకలో ఫైలు, చేతిలో స్టీలు టేపు. పైన మమ్మల్నిద్దర్నీ చూసి అక్కడే కొయ్యబారిపోయాడు.

"నువ్వేంట్రా ఇక్కడ?" అన్నారు మామయ్య.

జవాబు పాపం మేడం ఇచ్చింది. "వీరేనండీ, రిపోర్టు రాసినవారు. మీకు తెలిసినవారా?"

మామయ్య ముందు నాకేసి చూశారు. నేను తల దించుకున్నాను, ఆయనకి అర్థమైపోయింది. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. అరుస్తారేమో, ఇంత జనంలో పరువు పోతుందేమో అని భయపడ్డాను. ఆయన అరవలేదు.

"చదువు" అన్నారు.

"నాన్నా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం..."

"నీ రిపోర్టురా. చదువు."

మా ఆయన ఫైలు తెరిచాడు. ఆఫీసులో పదిమంది మీద అరిచే గొంతు బళ్ళో పాఠం అప్పజెప్పే గొంతైపోయింది. "మొదటి మెట్టు తయారీలోనే లోపం ఉంది. కనుక మొత్తం మెట్ల వరస నమ్మదగ్గది కాదు. తొలగించడం మంచిది."

"ఎన్ని మెట్లు కొలిచావు?"

"ఒకటి."

"ఒక్కటి కొలిచి ఇరవై రెండింటికి తీర్పు రాశావా? గుడ్డ కుట్టే నా కోడలు కూడా మనిషిని నిలబెట్టి కొలవకుండా చొక్కా కొయ్యదు కదరా!"

"మిగతావి ఎందుకు కొలవాలి నాన్నా?" మా ఆయన గొంతు లేచింది. "ఆ ఒక్కటే కదా మన కొంప ముంచింది! బళ్ళో నన్ను పొట్టిమెట్టు అనే పిలిచారు. పనిలో చేరిన రోజు కూడా ఒకడు అన్నాడు, పొట్టిమెట్టోడు లిఫ్టు కడితే ఏ అంతస్తు మధ్యలో ఆగుతుందో అని. ఆ మెట్టు పోతే ఆ పేరూ పోతుందనుకున్నాను. తాత పేరు చెడగొట్టాలని కాదు, చెరిపేద్దామని."

పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. మామయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేశారు.

"చెరిపితే పోదురా. కొలిస్తే పోతుందేమో చూద్దాం. ఈ మెట్ల కింద తలుపు ఉంది, తియ్యించు."

"అది చీపుర్ల గదండీ" అంది మేడం, గుత్తిలో తాళం వెతుకుతూనే. ఆవిడకీ ఉత్సాహం వచ్చేసింది.

తలుపు తెరిచి మా ఆయన ముందు అడుగుపెట్టాడు. కాలు అనుకున్నదానికంటే కిందికి దిగింది. తూలి, చీపుర్ల మీద పడబోయి గోడ పట్టుకున్నాడు.

"జాగ్రత్త. ఊడ్చే ఆవిడ రోజూ తిట్టుకుంటుంది, లోపల నేల పల్లమని" అంది మేడం.

మామయ్య కదల్లేదు. "ఎంత పల్లం?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన వంగి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నన్ను కొలవమన్నాడు. అంగుళం పావు.

ఆ తర్వాత తండ్రీకొడుకులు ఇద్దరూ ఆ ఇరుకు గదిలో దూరిపోయారు. గదిలోనూ బండలే, అదే రాయి, కానీ గడప దగ్గర అంచు చూస్తే లోపలి బండ రెండంగుళాల మందం, హాల్లోది మూడుంపావు. గది నేలనుంచి తొమ్మిదో మెట్టు చెక్క అడుగుదాకా కొలిచి, చెక్క మందం కలిపారు. తొమ్మిది ఆరుముప్పావులు ఎంతో నేను వేళ్ళ మీద లెక్కవేసి చెప్పాను: అరవై ముప్పావు. లోపలినుంచి మా ఆయన అరిచాడు: "అరవై ముప్పావు! సరిగ్గా!"

బయటికొచ్చి వివరించింది కూడా మా ఆయనే. తడబడకుండా, లిఫ్టు కంపెనీ సూపర్‌వైజరులాగే చెప్పాడు. ముందు గదిలో బండలు వేశారు. ఆ మట్టానికి తాత మెట్లు చేసి బిగించాడు. తర్వాత హాలుకి మరో బండి బండలు వచ్చాయి, అవి మందం. అప్పుడు కింద వేసే ఇసుకా సున్నం అంత మేరా తగ్గించాలి. తగ్గించలేదు. హాలు నేల పైకి లేచి, మొదటి మెట్టులో అంగుళం పావు మింగేసింది.

"అంటే మెట్టు పొట్టిది కాదు" అంది మేడం నెమ్మదిగా. "నేల ఎత్తు."

"మెట్టు పొట్టిది కాదు!" అన్నాడు గైడు, తన మోగే గొంతుతో. ఇందాక చప్పట్లు కొట్టినాయన మళ్ళీ కొట్టాడు. ఈసారి అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, ఏడుస్తూనే కొట్టాను. తొంభై ఏళ్ళుగా ఒక మనిషి మీద పడ్డ నింద, ఒక చీపుర్ల గదిలో నా కళ్ళముందే తుడిచిపెట్టుకుపోయింది. పొట్టిమెట్టు వాళ్ళ కోడల్నని ఆ క్షణంలో రోడ్డెక్కి అరవమన్నా అరిచేదాన్ని.

మామయ్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. మొదటి మెట్టు మీద కూర్చుని, అరచేత్తో హాలు బండని మళ్ళీ నిమురుతున్నారు. అప్పుడు నాకు తట్టింది. ఆ బండలు పరిచిందెవరో నాకు తట్టేసరికి మా ఆయనకీ తట్టింది. ఇద్దరం గుమ్మం పక్కనున్న ఇత్తడి పలకకేసి చూశాం.

"తాతకి తెలుసు" అన్నారు మామయ్య, ఎవరితోనూ కాదన్నట్టు. "మా నాన్నకీ తెలుసు. ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్ళు. ఒక్కరోజు కూడా ఈ మాట ఎత్తలేదు." అని తలెత్తి, "ఒరేయ్, మళ్ళీ లోపలికెళ్ళు. వెల్లకిలా పడుకుని మెట్ల చెక్కల అడుగు చూడు. రాసుంటాడు" అన్నారు.

ఇది మా ఇంటి వడ్రంగుల అలవాటు. బయటికి అనలేని మాట ఏదైనా ఉంటే, చేసిన వస్తువుకి కనపడని వైపు పెన్సిలుతో రాస్తారు. దాన్ని ఎప్పుడో విప్పే మరో పనివాడికి తప్ప అది ఎవరికీ కనపడదు. నా కుట్టుబల్ల మామయ్య చేసిచ్చిందే. ఒకసారి ఇల్లు సర్దుతూ తిరగేస్తే అడుగున "కొడుకు ఈ పని నేర్చుకోనన్నాడు. బల్ల బాగా వచ్చింది" అని ఉంది. నవ్వాలో ఏడవాలో తెలీక మళ్ళీ తిప్పి పెట్టేశాను.

మా ఆయన కంపెనీ చొక్కాతో దుమ్ములో వెల్లకిలా పడుకున్నాడు. ఫోను వెలుతురు చెక్కల మీద కదులుతుంటే బయట మేమంతా తలుపు దగ్గర మూగాం.

"ఉంది నాన్నా. ఏడో మెట్టు అడుగున. తాత సంతకం ఉంది, తారీఖు ఉంది."

"చదువు."

లోపలినుంచి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు.

"లెక్క సరే. మెట్టు సరే. నేల మామగారిది. పరిచిన హాలు పగలగొట్టిస్తే ఈ వయసులో ఆయన లేవలేడు. నా పేరు పోతే మళ్ళీ తెచ్చుకుంటాను. విప్పినవాడా, చదివి మూసెయ్యి."

మళ్ళీ తెచ్చుకుంటాననుకున్నాడు, తెచ్చుకోలేకపోయాడు. అయినా నోరు విప్పలేదు. పిల్లనిచ్చిన పెద్దాయన తలెత్తుకు తిరగాలని, తను తల దించుకుని బతికాడు. ఆ పెద్దాయన ఒళ్ళో పెరిగిన తన కొడుకే తనని చిన్నచూపు చూస్తున్నా, అదీ కడుపులో పెట్టుకున్నాడు. ఇంత గట్టి మనిషి రక్తం నా పిల్లల్లో ఉందనుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మామయ్య కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చారు.

మేడం చేతిలో కాగితం, పెన్ను ఉన్నాయి. మేడమీద కుర్చీలు జరుగుతున్న చప్పుడు మొదలైంది. కమిటీవాళ్ళు వెనకవైపు మెట్లెక్కి వచ్చేసినట్టున్నారు.

"పెద్దాయనా, ఈ రాత చాలండీ" అంది. "నేనిది ఫోటో తీసి పట్టుకెళ్తే మెట్లు ఎవరూ ముట్టుకోరు. ఇక్కడ మీ నాన్నగారి పేరుతో పలక పెట్టించే పూచీ నాది. ఉత్త కొలతలు పట్టుకెళ్తే మాత్రం నమ్మరు. రిపోర్టు రాసింది కొడుకు, కాదంటున్నది తండ్రి, ఇదంతా మీ ఇంటి మాట అంటారు. రాత చూపించాలి. చూపిస్తే..." ఆవిడ గుమ్మం పక్కనున్న పలకకేసి చూసి ఆగింది. ఆవిడకీ అర్థమైంది.

చూపిస్తే మెట్ల తాత గెలుస్తాడు, ఆయన ప్రాణంకంటే ఎక్కువగా కాచిన మాట పోతుంది. గోడ మీది ఫోటోలో ఉన్న బండల తాత పేరూ పోతుంది. చూపించకపోతే ఇవాళ్టి తీర్మానంతో మెట్లు పోతాయి, వాటితో ఆ రాతా పోతుంది.

"మూసెయ్యమన్నాడు నాన్నా" అన్నాడు మా ఆయన, దుమ్ము కొట్టుకుపోయి గుమ్మంలో నిలబడి. మరుక్షణమే, "కానీ ఇన్నేళ్ళూ పడ్డది చాలదా?" అన్నాడు.

మామయ్య కొడుకుకేసి చూడలేదు. నావైపు తిరిగారు.

"అమ్మాయ్, మేమిద్దరం ఈ రక్తంలో పుట్టినవాళ్ళం, మా మాట ఎటో ఒకవైపు మొగ్గుతుంది. నువ్వు మా నాన్నలాగా పెళ్ళితో ఒక ఇంటికి చుట్టమైనదానివి. నువ్వు చెప్పు. రేపు ఇలాంటి తప్పు నాదే ఒకటి నీ చేతికి దొరికిందనుకో. నేను పోయాక. మూసేస్తావా, పదిమందికీ చెప్తావా?"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్క మేకు ఎక్కడ కొట్టాలో కూడా అడిగినవారు కారు. గైడు, జనం, మేడం, మా ఆయన, అందరూ నాకేసి చూస్తున్నారు. మేడమీదనుంచి ఎవరో మేడంని పిలిచారు. ఆవిడ కదల్లేదు.

"చెప్తాను" అన్నాను. ఒక్క మాటే చెప్పాను. అది విని మా ఆయన గోడకి చేరగిలబడిపోయాడు. మామయ్య మాత్రం నా మొహంలోకి చూసి, కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డారు. చొక్కా మడతలు సరిచేసుకుని మేడంవైపు తిరిగారు.

"రాసుకోండమ్మా" అన్నారు.